నెయ్యి చుక్క పడని బిస్కెట్లు

నెయ్యి కాగే వాసన తగిలిందంటే నీరజకు కడుపులో దేవేది. కుప్పంలో ఆ ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో అదే వాసనకు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, గిన్నె అడుగున మిగిలిన గసిని వేలితో గీక్కుని తిన్న మనిషే. ఇప్పుడు ఆ గసిని చూస్తే పుండు మీద ఎండిన పక్కు గుర్తుకొచ్చేది. చలికాలంలో పేరుకున్న నెయ్యి చీములా కనిపించేది. పెరుగు తీస్తుంటే గరిటెకు సాగే తీగ, కాఫీ లోటా అంచున అతుక్కున్న మీగడ, కవ్వం సందుల్లో మిగిలిపోయే తెల్లటి నలకలు, ఒకటేమిటి, పాలలోంచి పుట్టిన ప్రతిదీ ఆమెకు రోతే.

"ఏమ్మే, నా వంటింట్లో ఎలక సచ్చిందా ఏంది, ముక్కు మూసుకోని వస్తాండావు" అనేది అత్త ఆదెమ్మ.

"ఏం లేదులే అత్తా" అనేసి, నీరజ కూతురి చేతులు కడగడానికి పోయేది.

ఆ అసహ్యం కూతురితో వచ్చిందే. అర్చన పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఆవుపాలు తాపితే కక్కేది, ఒళ్ళంతా దద్దుర్లు లేచేవి. పాలు కక్కని బిడ్డ ఉంటుందా అన్నారు అందరూ. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. మూడో ఏట వాల్మీకిపురంలో చుట్టాల పెళ్ళికి పోతే, ఎవరో ముద్దు చేస్తూ పిల్ల నోట్లో పాలకోవా ముక్క పెట్టారు. మేళం మోగుతుండగానే పిల్ల పెదాలు తమలపాకుల్లా ఉబ్బాయి, గొంతులో ఈల లేచింది, మొహం నల్లబడింది. ఎవరిదో జీపులో మదనపల్లెకు తీసుకుపోయారు. దారిపొడవునా నీరజ పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చుంది. ఊపిరి వేలికి తగిలినప్పుడల్లా ఇదే ఆఖరిదేమో అనుకుంది.

పిల్లల డాక్టరు సూది వేసి, పిల్ల తెప్పరిల్లాక కూర్చోబెట్టి చెప్పాడు. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి ఏదీ పనికిరాదన్నాడు. పెద్దయ్యాక కొందరికి పోతుంది, కొందరికి పోదన్నాడు. "ఒక్కోసారి చుక్క చాలమ్మా. ఇంట్లో అందరికీ చెప్పు" అన్నాడు.

నీరజ చదివింది పదో తరగతి వరకే. అయినా చుక్క చాలు అన్న మాట అర్థం కావడానికి అంత చదువు కూడా అక్కర్లేదు. ఆ రోజు నుంచి పాపకు వేరే పొయ్యి, వేరే గిన్నెలు. పాప వీధిలోంచి వస్తే ముందు చేతులు వాసన చూసేది, తర్వాత నోరు. కాఫీ తాగిన మూతితో ఎవరైనా పాప బుగ్గ ముద్దు పెట్టుకుంటే ఆ బుగ్గను వాళ్ళ ఎదుటే తడిగుడ్డతో తుడిచేది. చుట్టాలకు అది చెంపదెబ్బలా ఉండేది. ఉంటే ఉండనీ అనుకునేది నీరజ.

ఇంట్లో అందరికీ చెప్పింది కూడా. మామ నారాయణస్వామి నవ్వాడు. "పొట్టేలు పడతాది, పాలు పడవంట. నా మనవరాలు పులి కడుపున పుట్టాల్సింది, తప్పి ఈడ పుట్టింది" అన్నాడు. మొగుడు నాగేంద్ర శాంతిపురం దగ్గర గ్రానైటు పాలిషింగు యూనిట్లో సూపర్‌వైజరు. ఒంటి నిండా రాతిపిండితో వచ్చేవాడు, విని తలూపేవాడు, స్నానానికి పోయేవాడు. ఆదెమ్మ మాత్రం తలకాయ కూడా ఊపలేదు.

"పాలంటే ఒప్పుకుంటా. నెయ్యి పాలెట్లయితాది? పాలు పెరుగైంది, పెరుగు వెన్నైంది, వెన్న నిప్పుల మీద కాగి కాగి నెయ్యైంది. ఇంగ దాంట్లో పాలు యాడుండాయి? బిడ్డకు బలమిచ్చేది అదొక్కటే, దాన్నీ ఆపితే ఎండిపోతాది" అంది.

ఆ ఇంట్లో పొట్టి ఆవు ఒకటుండేది. దాని పాలు కొంచెమే గాని మీగడ అరచేతి మందాన కట్టేది. ఆ వెన్న కాచిన నెయ్యితో ఏటా మే నెలలో గంగజాతరకు ఆదెమ్మ బిస్కెట్లు చేయించేది. మైదా, గోధుమపిండి, బెల్లంపొడి, నెయ్యి ఇంట్లో కలిపి ముద్ద చేసుకుని బేకరీకి తీసుకుపోతే, వాళ్ళు పొయ్యిలో కాల్చిచ్చేవాళ్ళు. జాతర ముందు బేకరీ దగ్గర ఎన్నో ఇళ్ళ రేకులు వరసగా ఉండేవి. కలిసిపోకుండా ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో గుర్తు పెట్టుకునేవాళ్ళు. ఆదెమ్మది విరిగిన గాజుముక్కతో నొక్కిన అర్ధచంద్రం. జాతర రోజు వాకిట్లో గంగమ్మకు కలశం పెట్టి, చేసినవన్నీ ముందర పెట్టి, కర్పూరం వెలిగించాక బిస్కెట్ల డబ్బా తెరిచేవాళ్ళు. గుడుపల్లె నుంచి, శాంతిపురం నుంచి వచ్చిన చుట్టాల పిల్లలంతా డబ్బా చుట్టూ మూగేవాళ్ళు.

కిందటేడు జాతరకు నీరజ పాపను పుంగనూరులో పుట్టింట్లో వదిలి వచ్చింది. నెయ్యి బిస్కెట్లు నములుతూ తిరిగే అన్ని నోళ్ళ మధ్య బిడ్డను కాపాడుకోవడం తనవల్ల కాదనిపించింది. తిరిగొచ్చాక పాప ఒకే మాట అడిగింది. "నేను లేకుండా అందురూ తిన్నారామ్మా?"

ఈ ఏడు, అంటే రెండువేల మూడులో, అర్చనకు అయిదో ఏడు. జాతర దగ్గర పడుతుండగా నన్ను మళ్ళీ పంపించేస్తావా అని పాప రోజూ అడుగుతోంది. ఒక పొద్దున నీరజ ధైర్యం చేసి, చిలుకుతున్న అత్త ఎదుట, కాస్త దూరంగా నిలబడింది.

"ఈసారి బిస్కెట్లు నేను సేస్తా అత్తా. నెయ్యి లేకుండా."

"పాపకొక్కదానికే గదా. సెయ్యి, ఎవురొద్దన్నారు."

"కాదు. అందరికీ అయ్యే. ఇంట్లో నెయ్యి బిస్కెట్టు ఒక్కటున్నా ఎవురో ఒకరు దాని నోట్లో పెడతారు. పాపను ఇంగోసారి పంపించను, అది ఏడస్తాంది."

ఆదెమ్మ కవ్వం ఆపింది. "నా పెండ్లయినప్పటి నుంచి ఈ ఇంట్లో గంగమ్మకు నెయ్యి బిస్కెట్లే. దేంతో సేస్తావు? వనస్పతితోనా? ఆ డబ్బాలో ఏ గొడ్డు కొవ్వు కలుపుతారో ఎవురికి తెలుసు. అది నా గడప తొక్కగూడదు."

"వనస్పతి గాదులే. ఏదో ఒకటి సూస్తా."

"సూడు. నాలుగు ఇండ్లోళ్ళు తిని ఊసేసేటట్లుంటే మాత్రం నేనే ఎత్తి దిబ్బలో పోస్తా. ముందే సెప్తాండా."

మాట దక్కింది. నీరజ పాపను తీసుకుని పుంగనూరు బస్సెక్కింది. బస్సులో పక్క సీటావిడ పాలక్యాను పెట్టుకుని కూర్చుంటే, పలమనేరు దాకా పాపను చంకనేసుకుని నిలబడే వచ్చింది.

పుంగనూరులో తల్లి కమలాక్షి కథంతా విని, "వెన్న లేకుండా బిస్కెట్టా. తాళి లేని పెండ్లి మాదిరి" అంది. అన్నది గాని కొంగు బిగించి పనిలోకి దిగింది.

మొదటిరోజు పామాయిలుతో చేశారు. వీధి చివర శంకరప్ప బేకరీలో కాల్చేందుకు పోతే, అక్కడి రేకులు చూసి నీరజకు వాంతి వచ్చినంత పనైంది. ఏళ్ళ తరబడి పూసిన వెన్నా వనస్పతీ మాడి, రేకు అంచుల్లో నల్లటి జిడ్డు మందంగా గట్టిపడి ఉంది. గోటితో గీరితే మైనంలా లేచింది. బన్నుల మీద పాలు పూసే కుంచె పక్కనే డబ్బాలో నానుతోంది. దాని వెంట్రుకల్లో విరిగిన పాల తునకలు. ఈ కుంచెలోంచి ఒక్క బొట్టు తన పిండిలో పడితే చాలు. ఆ ఒక్క బొట్టూ పాప గొంతులో దిగడం, మొహం నల్లబడటం, అన్నీ అక్కడే నిలబడి చూసేసింది.

"శంకరప్పా, మా రేకులు మేమే తెచ్చుకుంటాం. పొయ్యి మాత్రం ఇయ్యి."

"నా రేకులకేమి రోగమమ్మా? పుంగనూరంతా వీటి మీద కాల్సిందే తింటాండాది."

"తిననీలే. వాళ్ళకు అరుగుతాది."

రేకుల పనివాడి దగ్గర కొత్త రేకులు కోయించి, బూడిదేసి తోమి, వేణ్ణీళ్ళతో కడిగి, వాసన చూసి మరీ తెచ్చింది. పొయ్యి అందరికంటే ముందు, తెల్లారగానే, బన్నులు పెట్టకముందు తన రేకులకే ఇవ్వాలంది. శంకరప్ప నెత్తి కొట్టుకుని సరేనన్నాడు.

పామాయిలు బిస్కెట్లు అప్పుడు బాగానే కనిపించాయి. నోట్లో పెట్టుకుంటే ఆరిపోయిన దీపంలోని ఒత్తిని నమిలినట్లుంది. నాలుకకు అంటుకున్న జిడ్డు ఉప్పేసి తోముకున్నా పోలేదు. తర్వాత కొబ్బరిపాలతో చేశారు. ఆ పూటకు కమ్మగానే ఉన్నాయి. మర్నాడు డబ్బా మూత తీస్తే పుల్లటి కంపు గుప్పుమంది. విరిస్తే లోపల దారాలు సాగాయి. వేసవి ఎండకు కొబ్బరి ఎంతసేపు ఆగుతుంది. ఎవరో చెప్పారని మదనపల్లెలో మందుల షాపు నుంచి సోయాపాల పొడి తెప్పించి కలిపితే, పచ్చి అనపగింజలు పొట్టుతో సహా నమిలిన వాసన. పండిన అరటిపళ్ళు పిసికి కలిపినవి అన్నిటికంటే ఘోరం. పైన నల్లగా మాడి, లోపల చిదిమితే పిల్లల ముక్కుచీమిడిలా జారాయి. కమలాక్షి ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మింగలేక, కాలవ దాకా పోయి ఊసింది. రాత్రి గోడ మీద మిగిల్చిన బిస్కెట్టును పొద్దున కాకి ఎత్తుకుపోయి పక్కింటివాళ్ళు ఎండబెట్టిన వడియాల మీద పడేసింది.

"తిమ్మక్క వచ్చి అడగతాంది మే, మా వడియాల మీద పెంట వేసిందెవురని. అది మా బిస్కెట్టే అని ఎట్ల సెప్పేది?"

కమలాక్షి పడీపడీ నవ్వింది. నీరజకు నవ్వు రాలేదు. దిబ్బలో పోస్తానన్న అత్త మాటే చెవిలో ఉంది. అవి కుదరకపోతే ఇంట్లో మళ్ళీ నెయ్యి కాగుతుంది. పాప ఇక్కడే, జాతర లేని ఈ వీధిలో, గడప మీద కూర్చుని ఉంటుంది.

తోవ దొరికింది సంగటిలోకి ఊరిబిండి నూరుతున్నప్పుడు. వేయించిన వేరుశెనగ విత్తనాలను కమలాక్షి వేడి మీదే రోట్లో వేసింది. నూరేకొద్దీ పొడి కాస్తా ముద్దై, ముద్ద అంచుల్లోంచి నూనె ఊరి రోలు మెరిసింది. నీరజ ఆ ముద్దను వేళ్ళతో నలిపింది. చల్లారిన వెన్నలాగే జారింది. వాసన మాత్రం వెన్నది కాదు.

"ఇంగా నూరుమా. కారం వెయ్యద్దు."

"ఊరిబిండితో బిస్కెట్టా?"

"ముందు నూరు. సెప్తా."

పొట్టు ఒక్కటి లేకుండా చెరిగి, నూనె పైకి తేలేదాకా నూరి, బెల్లంపొడి వేసి, గోధుమపిండి పట్టినంత కలిపారు. కాస్త ఏలకులు, చిటికెడు ఉప్పు. కాల్చి తెస్తే అంచులు పగిలి, పట్టుకుంటే నిలిచి, కొరికితే పొడై కరిగాయి. నీరజ అలవాటుగా ముందు వాసన చూసింది. కాలిన చెనక్కాయ, బెల్లం, అంతే. పాపకు పెట్టి, ఎదురుగా కూర్చుని, పెదాలనే చూస్తూ ఉండిపోయింది. ఏమీ కాలేదు. పాప ఇంకోటి అడిగింది.

మళ్ళీ నూరి, మళ్ళీ కాల్చి, రెండు డబ్బాలు నింపుకుని, జాతర ముందురోజు కుప్పంలో దిగింది. ఆదెమ్మ డబ్బా మూత తీసి ఒకటి కొరికి, కళ్ళు మూసుకుని నమిలింది.

"చెనక్కాయ ఉండ మాదిరుండాది."

"బాగలేదా అత్తా?"

"బాగలేదని ఎవురన్నారు. ఉండ మాదిరుండాది అన్నా." ఇంకో ముక్క నోట్లో వేసుకుంది. "తినొచ్చు. నూనె వాసన లేదు. దిబ్బలో పొయ్యాల్సిన పని లేదులే" అంది, అదేదో తనకు నష్టమైనట్లు.

నారాయణస్వామి గుప్పెడు తీసుకుని జేబులో వేసుకున్నాడు. నీరజకు ఆ రోజు కాళ్ళు నేల మీద ఆనలేదు. అయినా పండుకునే ముందు పాప దిండు గలీబు వాసన చూడటం మానలేదు.

జాతర రోజు ఇల్లంతా చుట్టాలే. వెనక పెరట్లో పొట్టేలు మాంసం ఉడుకుతోంది. నాగేంద్ర మేనత్త వెంకటరత్నమ్మ గుడుపల్లె నుంచి వచ్చి, వచ్చినప్పటి నుంచి అందరికీ పనులు పురమాయిస్తోంది. నీరజ వచ్చినవాళ్ళకు నీళ్ళందిస్తూ, ప్రతిసారీ వంటింటి తలుపు దగ్గర ఆగి లోపలికి తొంగిచూస్తోంది. బిస్కెట్ల డబ్బాల దగ్గరికి ఎవరూ పాలచెంబుతో పోకుండా కన్ను వేసే ఉంది.

ఆమె కన్ను వేయనిది ఒక్కచోటే. వాకిట్లో కలశం ముందు ఆదెమ్మ వడ్డించిన పళ్ళేలన్నీ వరసగా పెట్టింది. అన్నం, పప్పు, వడలు, బిస్కెట్లు. చిన్న గిన్నెలోంచి పుష్పం రెక్కతో ఒక్కో పళ్ళెం మీద నెయ్యి చుక్క విదిలించింది. నెయ్యి చుక్క పడని తిండి ఆ ఇంట్లో ఎన్నడూ దేవత ముందుకు పోలేదు. పుంగనూరులోనూ అంతే. కూరలో ఉప్పేశావా అని అడుగుతారు గాని, దేవుడికి నెయ్యి చుక్క వేశావా అని ఎవరూ అడగరు. అది వేయడం గాలి పీల్చుకోవడం లాంటిది. నీరజ అత్తకు నెయ్యి కలపొద్దని వందసార్లు చెప్పింది. చుక్క సంగతి చెప్పలేదు, తట్టనేలేదు. ఈ రెండేళ్ళూ దేవుడి ముందు పెట్టింది పాపకు పెట్టాల్సిన అవసరమే రాలేదు మరి.

కర్పూరం వెలిగింది. కొబ్బరికాయ పగిలింది. పిల్లలంతా ఎగబడ్డారు. వెంకటరత్నమ్మ పళ్ళెం ఎత్తి పంచుతూ, "అర్చనా, ఈ ఏడు నువ్వే ముందు. మీ అమ్మ బిస్కెట్లంట గదా" అని పాప చేతికి ఒకటిచ్చింది.

నీరజ నీళ్ళబిందె దించి వచ్చేసరికి పాప సగం కొరికి నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పళ్ళెంలోంచి తనూ ఒకటి తీసుకుని, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దేవతకు పెట్టింది వాసన సూస్తాండాది సూడు వదినా" అంది వెంకటరత్నమ్మ. "మీ కోడలికి గంగమ్మ మీద గూడా అనుమానమే."

ఎవరో నవ్వారు. నీరజకు ఆ నవ్వు వినపడలేదు. బెల్లం కింద, ఏలకుల కింద, సన్నగా, జిడ్డుగా, ఆ వాసన. బిస్కెట్టు మధ్యలో రూపాయి బిళ్ళంత మచ్చ మెరుస్తోంది.

ఆమె పాప దవడలు పట్టి నోరు తెరిచింది. రెండు వేళ్ళు లోపలికి పెట్టి మెత్తటి ముద్దను గీకి బయటికి లాగింది. ఇంకా లోతుకు పెట్టింది. పాప ఓకరించి, పొద్దున తిన్నదంతా కలశం ముందు పరిచిన కొత్త గుడ్డ మీద కక్కింది. పులిసిన నీళ్ళు, నమిలిన పిండి, ఇడ్లీ ముక్కలు. చుట్టూ ఉన్నవాళ్ళు ఛీఛీ అంటూ చీరలు ఎత్తిపట్టుకుని వెనక్కి జరిగారు. దేవత ముందర ఇదేం అపచారమని గొణిగారు. నీరజ ఆ కక్కును చేత్తో కెలికి ఎంత బయటపడిందో చూస్తోంది.

పాప కింది పెదవి అప్పటికే లావెక్కుతోంది.

"నెయ్యి ఎవురేసినారు?"

ఆదెమ్మ చేతిలో ఇంకా ఆ చిన్న గిన్నె ఉంది. "సుక్కే మే" అంది. "బిడ్డకు మేలు జరగల్లని, గంగమ్మకు మొక్కుకోని..." అంటూ పాప తల నిమరడానికి వచ్చింది.

"ముట్టుకోవద్దు." నీరజ ఆ చేతులను చూసింది. గోళ్ళ సందుల్లో, వేలి ముడతల్లో, గాజుల అంచున మెరుస్తున్న నెయ్యి. పుండు రసి కారుతున్నట్లు కనిపించింది. "ఆ సేతులు దాని దగ్గరికి తేవద్దు."

మదనపల్లె డాక్టరిచ్చిన మందు నోట్లో పోసి, నాగేంద్ర బండి మీద జనాన్ని తప్పించుకుంటూ వెనక సందుల్లోంచి ఆసుపత్రికి పోయారు. తప్పెట్ల మోతలో పాప గొంతులో ఈల వినపడుతోందో లేదో తెలియక, నీరజ చెవి పాప వీపుకు ఆనించుకునే కూర్చుంది. సూది వేశారు. మూతికి గొట్టం పెట్టారు. చాలావరకు కక్కించడం మంచిదైందని డాక్టరమ్మ చెప్పింది. మధ్యాహ్నం దాటేసరికి వాపు దిగింది. సాయంత్రానికి ఇంటికి పొమ్మన్నారు. దారిలో నాగేంద్ర ఒక్కసారే నోరు తెరిచాడు. "మా అమ్మకు తెలీక సేసింది" అన్నాడు. తెలిసి చేసిన విషం కంటే తెలియక చేసిన విషం ఏమన్నా తియ్యగా ఉంటుందా అనుకుంది నీరజ.

ఇంట్లో చుట్టాలు విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు. గుడ్డ తీసేశారు, వాకిలి కడిగారు. బిస్కెట్ల పళ్ళెం మాత్రం ఎవరూ ముట్టకుండా అరుగు మీద ఈగలు ముసురుతూ ఉంది. నీరజ పాపను గదిలో పరుపు మీద పండబెట్టి, నాగేంద్రను పక్కన కూర్చోబెట్టి, కక్కు పడిన గౌను ఉతకడానికి పెరట్లోకి పోయింది. రాయి మీద రుద్దుతుంటే లోపలి మాటలు వినపడుతున్నాయి.

"చెనక్కాయలంటే పైత్యం గదప్పా. ఎండాకాలం అంత చెనక్కాయ పిండి బిడ్డకు పెడితే ఉబ్బదా?" వెంకటరత్నమ్మ గొంతు.

"నెయ్యి సుక్క అంటాందే ఆ పిల్ల."

"నెయ్యి తిని సచ్చినోళ్ళను యాడన్నా సూసినావా? తాను సేసిన తప్పు అత్త మీదికి తోస్తాంది. వేడి సేసింది, అంతే. సల్లటి మజ్జిగ తాపితే దిగిపోతాది. నాగేంద్రా, నువ్వు పోయి మాంసం వడ్డించు, మీ నాయన పిలస్తాండాడు. నేను తాపిస్తాలే."

నీరజ గౌను వదిలేసి పరుగెత్తింది. పెరడు ఇంత పొడుగుందని ఆమెకు ఎన్నడూ తెలియదు. గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నాగేంద్ర లేడు. పరుపు పక్కన నేల మీద ఆదెమ్మ కూర్చుని ఉంది. వెంకటరత్నమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని పాప తల ఎత్తుతోంది. గ్లాసు అంచున తెల్లటి నురుగు, అందులో నలకలు. నీరజ గడప దాటబోయింది.

ఆదెమ్మ చెయ్యి లేచింది. గ్లాసు ఎగిరి గోడకు తగిలి దొర్లింది. మజ్జిగ నేల మీద, ఆదెమ్మ కోక మీద చిందింది.

"దానికి మజ్జిగ పడదు" అంది ఆదెమ్మ.

"ఎవురు సెప్పినారు నీకు వదినా? నీ కోడలా?"

"ఎవురూ సెప్పలేదు. పొద్దున నేనే నెయ్యేసి సూసినా గదా. సాలదా?"

తలుపు దగ్గరికి ఇద్దరు ముగ్గురు ఎంగిలి చేతులతోనే వచ్చి నిలబడ్డారు.

వెంకటరత్నమ్మ మొహం ఎర్రబడింది. "అది దేవతకేసిన సుక్క. దాంట్లో దోషముందంటావా?"

"దేవతకు పడతాది. దీనికి పడదు." ఆదెమ్మ వాళ్ళందరినీ ఒకసారి చూసింది. "చెనక్కాయలు గాదు, పైత్యం గాదు. నా సేత్తో నేనేసిన నెయ్యి. ఇంగ ఈ ఇంట్లో ఎవురన్నా దీని నోట్లో తెల్లటిది పెట్టినారంటే నా సేత తిట్లు తింటారు. పోండి, కూడు సల్లారతాంది."

ఒక్కొక్కరే కదిలిపోయారు. వెంకటరత్నమ్మ గ్లాసు తీసుకోకుండానే పోయింది.

నీరజ లోపలికి వచ్చింది. అత్తను చూసి మెత్తబడాలని మనసుకు అనిపించింది గాని, కడుపు ఒప్పుకోలేదు. పరుపుకు జానెడు దూరంలో మజ్జిగ పారుతోంది. దాని పులుపు కంపు గదంతా కమ్మింది. గుడ్డా నీళ్ళూ తెచ్చి, పాపను గోడవైపు జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని తుడవడం మొదలుపెట్టింది. ఆదెమ్మ తన కొంగుతో తుడవబోయింది.

"కొంగుతో వద్దత్తా. నీ కోకంతా మజ్జిగే. మార్చుకో పో. సేతులు సబ్బేసి కడుక్కో, గాజులు తీసి కడుక్కో. ఆనక రా."

కోడలు అత్తను అట్లా పురమాయించడం ఆ ఇంట్లో అదే మొదలు. ఆదెమ్మ మోకాలు పట్టుకుని లేచి, కోక అంచు నేలకు తగలకుండా ఎత్తిపట్టుకుని బయటికి పోయింది. నీరజ నీళ్ళు మార్చి నేల మళ్ళీ కడిగింది. పాప కళ్ళు తెరిచి చూస్తోంది.

పెరట్లో బొక్కెన చప్పుడైంది. తర్వాత ఆదెమ్మ పిలిచింది.

"మే నీరజా, ఈడికి రా. ఈ సబ్బు కాగితం మింద ఏమో రాసుండాది. దీంట్లో పాలు గీలు కలిపినారేమో సూడు, నాకు సదవను రాదు."

నీరజ గుడ్డ పిండి పక్కన పెట్టి, తడి చేతులతోనే లేచి చూడటానికి పోయింది.